ఆమోసుగారి నెలవారీ పాపాలు

ఆమోసుగారు గుడి తలుపుకు తాళం వేశాక దాన్ని మూడుసార్లు లాగి చూసేవారు. తండ్రి పేర ఒకసారి, కుమారుని పేర ఒకసారి, పరిశుద్ధాత్మ పేర ఒకసారి లాగుతారని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టేవాళ్లూ అదే అనేవారు గాని, కాస్త మెల్లగా. ఇంతా చేసి గుడిలో ఉన్నవి రెండు బల్లలు, ఆరు చాపలు, అట్టలూడిన పాటల పుస్తకాలు ముప్ఫై. వాటిని ఎత్తుకుపోయే దొంగ కృష్ణా జిల్లాలో ఇంకా పుట్టలేదని సంఘ పెద్దలు ఎన్నోసార్లు మనవి చేసుకున్నారు. "పుట్టలేదని మీకెవరు చెప్పారు?" అని ఆమోసుగారు అడిగేవారు.

ఉయ్యూరుకు నాలుగు మైళ్ల దూరాన, కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఊళ్లో ఆయన ఇరవై రెండేళ్లుగా పాస్టరు. తండ్రి పుల్లయ్య చెరకు తోటల్లో కూలి చేసి, నడివయసులో బాప్తిస్మం పుచ్చుకుని, కొడుక్కి ప్రవక్త పేరు పెట్టుకున్నాడు. ప్రవక్త లక్షణాల్లో కొడుక్కి అబ్బింది ఒక్కటే: ఎవర్ని చూసినా వీడేదో చేసే ఉంటాడన్న నమ్మకం. బస్సులో కండక్టరు టిక్కెట్టిస్తే, దాని మీది నంబరు ముందు సీటువాడి నంబరు తర్వాతదేనా అని తొంగి చూసేవారు. ఎవరైనా రెండు చేతులూ జోడించి, మరీ ఆప్యాయంగా "వందనాలు అయ్యగారూ" అంటే, "ఏం జరిగింది?" అనేవారు. భార్య సంపూర్ణమ్మగారు ఆ ఊరి బడిలో టీచరు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన అనుమానించనిది తన వంట ఒక్కదాన్నేననీ, అదీ తాను ముందు తిని చూపించబట్టేననీ ఆవిడ అంటూండేవారు.

ఇటువంటి మనిషిని ఊరు ఇన్నేళ్లు ఎందుకు భరించిందంటే, ఆయన ప్రార్థన కోసం. మంచం పట్టినవాళ్ల పక్కన కూర్చుని ఆయన ప్రార్థన చేస్తే, రోగం తగ్గినా తగ్గకపోయినా, తన సంగతి ఎవరో పైవాళ్ల దాకా తీసుకుపోయారన్న నిమ్మళం రోగికి కలిగేది. మాటలు గొప్పవేం కావు. పొలం గట్టు తగాదా పెద్దమనిషికి చెప్పుకున్నట్టు చెప్పేవారు. లోకంలో ఆయన అనుమానించనివాడు ఆ ఒక్క పెద్దమనిషే. కమ్మవారి వీధి నుంచి కూడా కబురొచ్చేది. మూడేళ్లుగా మంచంలో ఉన్న శౌరమ్మ అనే ముసలావిడ దగ్గరికి ప్రతి శుక్రవారం వెళ్లేవారు. "తమరొచ్చి పోతే ఆ రాత్రి నిద్ర పట్టుద్దండీ" అనేది ఆవిడ.

డెబ్భై ఏడు నవంబరులో దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. నాలుగో రోజున ఆమోసుగారు సహాయానికి వెళ్లిన వాళ్లతో కలిసి వెళ్లారు. తొమ్మిది రోజులు ఉన్నారు. ప్రార్థన చేసి శవాలను పూడ్చడం ఆయనకు అప్పగించిన పని. మూడో రోజుకి ప్రార్థనకు వ్యవధి లేక పూడ్చడమే మిగిలింది. అక్కడి సంగతులు ఆయన ఎవరికీ చెప్పలేదు కనుక మనకూ చెప్పే హక్కు లేదు. తిరిగొచ్చి, తలంటి పోసుకుని, మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే మోకరించారు. ఏమీ రాలేదు.

నోరు ఆడుతూనే ఉంది. ముప్ఫై ఏళ్ల నాటి మాటలు కనుక వాటికి తోలేవాడు అక్కర్లేదు. సంతకు అలవాటు పడ్డ ఎడ్లలాగా అవే దారి పట్టుకుని పోయి, ఆమేన్ దగ్గర ఆగేవి. బండిలో మాత్రం ఆమోసుగారు లేరు. ఆదివారాలు గడిచాయి, క్రిస్మస్ గడిచింది, రెండు పెళ్లిళ్లు, నాలుగు సమాధులు గడిచాయి. ఒక్కరూ కనిపెట్టలేదు. ఇన్నేళ్లుగా వీళ్లు అసలు వింటున్నారా అని ఆయనకు కొత్త అనుమానం పుట్టింది. శౌరమ్మ మాత్రం ఈమధ్య నిద్ర పట్టడం లేదంది. దోమలెక్కువయ్యాయని ఆమోసుగారు నిర్ణయించారు.

ఈ సంగతి ఎవరో ఒక్కరికి చెప్పుకోవాలి. చెప్పుకోని బరువు లోపలే కుళ్లుతుందని ఆయనే ఎన్నో ప్రసంగాల్లో సెలవిచ్చి ఉన్నారు. కాని అది బయటికి పొక్కితే? ప్రార్థన రాని పాస్టరుకు, సంఘాలన్నిటి మీదా పెత్తనం చేసే మహాసభ వారు గౌరవంగా విశ్రాంతి ఇస్తారు. ఊరు అంతకంటే గౌరవంగా, మంచం పట్టినప్పుడు కబురు చేయడం మానేస్తుంది. సంపూర్ణమ్మగారికి చెబుదామనుకున్నారు. చెబితే ఆవిడ ఏడుస్తుంది, ఏడిస్తే పక్కవాళ్లు ఎందుకని అడుగుతారు, అడిగితే ఆవిడకు అబద్ధమాడడం చేతకాదు. మానుకున్నారు.

సరిగ్గా ఆ వేసవిలోనే మహాసభ అధ్యక్షులవారు బెంగుళూరులో ఏదో సదస్సుకు వెళ్లి, పాస్టర్ల ఆత్మీయ ఆరోగ్యం క్షీణిస్తున్నదన్న వార్తతో తిరిగొచ్చారు. విజయవాడలో అందర్నీ సమావేశపరిచి, మందను కాసేవాడి నాడి ఎవరు చూస్తున్నారని ప్రశ్నించారు. ఎవరూ చూడడం లేదని తేలింది. కనుక పాస్టర్లు ఇద్దరిద్దరు జతకట్టి, నెలకొకసారి ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకోవాలన్నారు. ఇది అపొస్తలుల కాలం నాటి పద్ధతి. అపొస్తలుల కాలంలో లేనిదల్లా కార్డు. పచ్చ అట్ట మీద అచ్చు వేయించారు: తేదీ, ఒప్పుకొన్నవారి సంతకం, విన్నవారి సంతకం, ఆఖరున "విన్నవారి అభిప్రాయం". మూడు నెలలకొకసారి కార్డును అధ్యక్షులవారికి చూపించి తెచ్చుకోవాలి. పాపాలు రాయనక్కర్లేదని ఆయన అభయమిచ్చారు.

"పాపం రాయనక్కర్లేనప్పుడు అభిప్రాయం దేని మీదండీ?" అని ఆమోసుగారు పక్కాయన చెవిలో అడిగారు. పక్కాయన కుర్చీ జరుపుకున్నాడు.

కానుకల సంచిలో చీట్లు వేసి జతలు తీశారు. ఆమోసుగారికి ఉయ్యూరు పాస్టరు సొలొమోనుగారు వచ్చారు. యాభై ఏళ్ల మనిషి. ఒళ్లు పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. ఆయన గురించి ఎవరూ చెడ్డ మాట అనకపోవడం ఆమోసుగారికి మొదటి నుంచీ రుచించలేదు.

జూన్ నెలలో సొలొమోనుగారింటి ముందు గదిలో ఎదురుబొదురు కుర్చీల్లో కూర్చున్నారు. టీ వచ్చింది. సొలొమోనుగారు ముందుగా ఒప్పుకొన్నారు.

"అన్నా, మొన్న గన్నవరంలో పెళ్లి విందుకెళ్లాను. కోడికూర రెండోసారి పడుద్దని లేచి, వడ్డన మొదలయ్యే వరసలోకి మారి కూర్చున్నాను. ఎవరో అడిగితే ఇక్కడ గాలి బాగుందన్నాను."

చెప్పేటప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత పెద్ద ఒంటిలో ఇంత చిన్న పాపమే ఉందా, ఇది ఎర కాదు కదా అని ఆమోసుగారు ఆలోచనలో పడ్డారు. తన వంతుకు కోపం ఒప్పుకొన్నారు. జూలైలో, ఊరికొచ్చిన ప్రసంగీకుడు మాట్లాడుతుంటే కునికిపాటు. ఆగస్టులో, పక్క ఊరి గుడికి కొత్త గంట వచ్చినందుకు అసూయ. చెప్పింది మళ్లీ చెప్పకుండా ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. పాపం మరీ చిన్నదైతే దాస్తున్నట్టుంటుంది, పెద్దదైతే కార్డెక్కుతుంది. మధ్యరకం పాపాలు దొరకడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. అసలు సంగతి ప్రతి నెలా గొంతు దాకా వచ్చేది. సొలొమోనుగారు కార్డు మీదికి వంగి అభిప్రాయం రాయడం చూసి మళ్లీ లోపలికి పోయేది. ఆ రాతను ఆయన అరచేత్తో కప్పి రాసేవారు.

పైగా, కార్డులు మొదటిసారి వెళ్లొచ్చిన పది రోజులకు గన్నవరం వైపు పాస్టరు ఒకాయనకు బదిలీ అయింది. కూతురి కాపురం దగ్గరికని ఆయనే కోరి వేయించుకున్న బదిలీ అది. కోరినట్టు కనిపించేలా చేశారన్నమాట అని ఆమోసుగారు గ్రహించారు.

పక్కింటి తెరేసమ్మ కథోలికురాలు. ఈ కొత్త ఏర్పాటు విని ఆవిడ దడి దగ్గరికి వచ్చింది.

"మాకైతే మధ్యలో జాలీ ఉంటదండీ అయ్యగారూ. ఫాదర్‌గారి మొహం మేం చూడం, మా మొహం ఆయన చూడరు. మీరు ఎదురుబొదురు కుర్చీలేసుకుని చెప్పుకుంటారంటగా?"

"అవును."

"టీ కూడా ఇస్తారంట."

"ఇస్తారు."

"టీ తాగతా ఏం చెప్తారండీ, ఇంక," అని తెరేసమ్మ వెళ్లిపోయింది.

ఆ మాట ఆమోసుగారి మనసులో నాటుకుంది. ఈ మనిషి చెవి ఎటువంటిదో ముందు తేలాలి. తాళాన్ని లాగి చూసినట్టు సొలొమోనుగారిని కూడా ఒకసారి లాగి చూడాలి. సెప్టెంబరు నెల ఒప్పుకోలుకు ఆయన, తన చరిత్రలో లేని ఒక పాపాన్ని తయారు చేసుకుని వెళ్లారు.

"విజయవాడలో మ్యాటినీకి వెళ్లాను," అన్నారు.

సొలొమోనుగారి చేతిలో టీ కప్పు ఆగిపోయింది. "ఒక్కరేనా అన్నా?"

"ఒక్కణ్ణే. ఆ సినిమాకే మూడుసార్లు వెళ్లాను."

"ఏ హాల్లో?"

ఈ ప్రశ్నకు ఆమోసుగారు సిద్ధపడి రాలేదు. "చీకటిగా ఉంది. చూసుకోలేదు," అన్నారు.

సొలొమోనుగారు ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఈ పట్టుకోవడంలో ఉద్దేశమేమిటా అని ఆమోసుగారు బస్సులో ఇంటికొచ్చేదాకా విచారించారు.

మూడు వారాలు తిరక్కుండా అమలమ్మ వచ్చింది. ఆమోసుగారి సంఘస్థురాలే. కాలువ గట్టు మీద, ఉయ్యూరుకు సగం దారిలో ఉన్న రైస్ మిల్లులో నూకలు జల్లించే పని.

"అయ్యగారూ, ఒకటడిగితే ఏమనుకోరుగా?"

"అడుగు."

"ఆ సినిమాలో పిల్ల ఆఖరికి బతుకుద్దాండీ, చచ్చిపోద్దా? మా చెల్లెలు సగంలో లేచొచ్చేసింది, చంటోడు గోల పెడతంటే."

"ఏ సినిమాలో?"

"తమరు మూడుసార్లు చూసినదాంట్లో."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో ఒకళ్లని ఏం చెప్పనండీ. అనుకుంటన్నారు," అంది అమలమ్మ. తర్వాత జాలిగా, "బాగుంటేనే గదండీ అన్నిసార్లు చూస్తారు," అని కూడా అంది.

తన అనుమానం నిజమైనప్పుడు అనుమానస్తుడికి కలిగే సంతోషానికి సాటి లేదంటారు. ఆమోసుగారు ఆ సంతోషాన్ని అనుభవించడానికి వాకిట్లో అరుగు మీద కూర్చున్నారు. అది రాలేదు. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ పోయాడన్న సంగతి మాత్రం వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు చీకటితో లేచి, సొలొమోనుగారిని నిద్ర మంచం మీదనే నిలదీద్దామని సైకిలెక్కారు. ఉయ్యూరులో సొలొమోనుగారిల్లు బస్సులు ఆగే చోటును ఆనుకుని ఉంటుంది. ఆ ఇంటి పక్క గోడకే హనుమయ్య టీ బంకు. మొదటి బస్సు కోసం వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది బల్లల మీద కూర్చుని టీ తాగుతున్నారు. పాలవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు, మిల్లుల్లో పనికి పోయేవాళ్లు. ఒక్కరూ మాట్లాడటం లేదు. టీ బంకు దగ్గర మాటల్లేకపోవడం ఎంత అనుమానించదగ్గ విషయమో వేరే చెప్పనక్కర్లేదు. ఆమోసుగారు ఏదో అడగబోతే, హనుమయ్య వేలు పెదవుల మీద పెట్టుకుని, బల్ల మీద చోటు చూపించాడు.

పైన కిటికీలోంచి సొలొమోనుగారి గొంతు వస్తోంది.

"...ప్రేమగల మా తండ్రీ, నీ దాసుడైన ఆమోసు అన్నను జ్ఞాపకము చేసుకొనుము. ఆ సినిమా హాళ్ల దారి ఆయన కాళ్లకు మరపించుము. అంత మనిషి ఒంటరిగా ఆ చీకట్లో మూడుసార్లు కూర్చున్నాడంటే, ఆయనకు లోపల ఎంత కష్టముందో నీకు తెలుసు, నాకు తెలియదు. ఆయన నా దగ్గర ఇంకా ఏదో దాస్తున్నాడు తండ్రీ. నా మీద ఆయనకు నమ్మకం కుదరడం లేదు. నా చెవిని మంచి చెవిగా చెయ్యి..."

ఆమేన్ అయ్యాక బల్లల మీద గ్లాసులు కదిలాయి. ఎవరో దగ్గారు.

"రోజూ ఇంతేనా?" అని ఆమోసుగారు అడిగారు.

"పదేళ్ల నించండీ," అన్నాడు హనుమయ్య. "ఆయన ముగించిందాకా మా బస్సు కూడా రాదు. మా పిల్లదాని జొరం సంగతి కూడా చెప్పారండీ పోయిన ఏడు. మన దేవుడు కాకపోతే మాత్రం, చెప్పినాయన మంచోడు."

"నువ్వు ఇవన్నీ ఎవరికన్నా చెప్తావా?"

"నేనెందుకు చెప్తానండీ. బస్సెక్కి పోయినోళ్ల సంగతి నాకు తెలవదు." గ్లాసు కడుగుతూ గొంతు తగ్గించాడు. "ఆ సినిమాల పాస్టరుగారి కోసం మూడు వారాల నించి ఒంటిపూట భోజనం అండీ పాపం. ఎవరండీ ఆ ఆమోసు, మీకేమన్నా ఎరికేనా?"

"కొంచెం," అన్నారు ఆమోసుగారు.

తలుపు తట్టేసరికి సొలొమోనుగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చారు. కాస్త చిక్కిన మాట నిజమే.

"నా సంగతి నాలుగూళ్లకు తెలిసిందండీ సొలొమోనుగారూ."

"నేనా? ప్రభువుకు తప్ప పురుక్కి కూడా చెప్పలేదన్నా."

"ప్రభువుకు చెవుడా?"

సొలొమోనుగారు ఈ ప్రశ్నను చిత్తశుద్ధితో ఆలోచించారు. "కాదే," అన్నారు.

ఆమోసుగారు ఆయన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. కింద నుంచి హనుమయ్య దణ్ణం పెట్టాడు. గంపలవాళ్లు కూడా పెట్టారు. పదేళ్ల ప్రార్థనలు ఒక్కొక్కటీ జ్ఞాపకానికి వస్తుంటే సొలొమోనుగారు మంచం మీద కూలబడ్డారు.

"మా మామగారి సంగతి కూడా చెప్పానే," అన్నారు చివరికి.

"నేను సినిమాకు వెళ్లలేదు," అన్నారు ఆమోసుగారు.

"ఏంటీ?"

"నా జన్మలో చూడలేదు. మీరెట్లాంటివారో చూద్దామని చెప్పాను."

"మూడు వారాలు ఒంటిపూట తిన్నానయ్యా నేను," అన్నారు సొలొమోనుగారు. ఆ 'అయ్యా'లో అన్న పోయాడు.

"తెలుసు. హనుమయ్య చెప్పాడు."

సొలొమోనుగారు లేచి, బల్ల సొరుగులోంచి పచ్చ కార్డు తీసి, చేతికివ్వకుండా మంచం మీద విసిరేశారు. విన్నవారి అభిప్రాయం కింద జూన్‌లో ఇలా ఉంది: "అన్న మంచివాడు." జూలైలో: "ఇంకా ఏదో చెప్పవలసి ఉన్నది." ఆగస్టులో: "చెప్పును." సెప్టెంబరులో ఏమీ లేదు.

"ఇది ఎందుకు కప్పి రాశారు?"

"నా అక్షరాలు బాగుండవు."

ఆమోసుగారు కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు. వెనక కూడా ఏమీ లేదు. చూసి, "తమ్ముడూ," అన్నారు. నాలుగు నెలల్లో ఆ మాట అనడం అదే మొదలు. "నాకు ప్రార్థన రావడం లేదు. ఉప్పెన నుంచి. పదకొండు నెలలైంది. వట్టి నోరే ఆడుతోంది."

సొలొమోనుగారి కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన ఏ హితవూ చెప్పలేదు. మోకరించి కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఆమోసుగారు గబుక్కున ఆయన నోరు మూశారు.

"మెల్లగా."

సొలొమోనుగారు మెల్లగా ప్రయత్నించారు. పెదవులు కదిలాయి, మొహం కందగడ్డ అయింది, నుదుట చెమట పట్టింది. "నావల్ల కాదన్నా. గుసగుసలాడితే దేవుడితో దొంగతనానికి పోతున్నట్టుంది. ఎక్కడికన్నా పోదాం పద."

ఇద్దరూ సైకిళ్ల మీద బయల్దేరారు. కాలువ గట్టున వలలవాళ్లున్నారు. చెరకు తోటలో మనుషుల్లేరు గాని, చెరకు తోటలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారని ఆమోసుగారు ఒప్పుకోలేదు. చివరికి సగం దారిలో రైస్ మిల్లు దడదడలాడుతూ కనిపించింది. వెనక వైపు, ఊక గుట్టకూ గోడకూ మధ్య ఎవరూ లేరు. ఆమోసుగారు సొలొమోనుగారిని అక్కడ నిలబెట్టి, రోడ్డు మీదికొచ్చి, గొంతెత్తి కేక వేయమని సైగ చేశారు. సొలొమోనుగారు హల్లెలూయ అని కేక వేశారు. నోరు తెరుచుకోవడం కనిపించిందే గాని ఏమీ వినపడలేదు. మళ్లీ వేయించారు. మూడోసారి కూడా వేయించారు. అప్పుడు తృప్తిపడి వెనక్కొచ్చారు.

సొలొమోనుగారు తన గొంతుకు పదేళ్లలో దొరకనంత చోటు దొరికినట్టు మొదలుపెట్టారు. మోటారు ఎంత అరిస్తే ఆయన అంత అరిచారు. దివిసీమ గురించి చెప్పారు, తొమ్మిది రోజుల గురించి చెప్పారు. పక్కన ఉన్న ఆమోసుగారికే సగం వినపడలేదు. సరిగ్గా "నీ దాసుడైన ఈ ఆమోసుకు" అనే చోట కరెంటు పోయింది.

మోటారు ఆగినంత త్వరగా సొలొమోనుగారు ఆగలేకపోయారు. "పదకొండు నెలలుగా ప్రార్థన రావడం లేదు తండ్రీ, నీవే ఆయన బదులు చేయుము" అన్న మాట, ఆ నిశ్శబ్దంలో మిల్లు రేకుల కప్పుకు తగిలి, అవతల కాలువ గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

గోడకవతల జల్లెళ్లు ఆగిపోయాయి. లోపల నుంచి ఒక ఆడ గొంతు, ఏ ప్రార్థనకైనా అనడం అలవాటై, "ఆమేన్" అంది. అది అమలమ్మ గొంతు. ఆ వెనక ఇంకో నాలుగైదు గొంతులు అన్నాయి.

ఆమోసుగారు ఇంటికొచ్చి శిక్ష కోసం ఎదురు చూశారు. అధ్యక్షులవారి నుంచి ఉత్తరం రాలేదు. ఆదివారం గుడికి ఎప్పుడూ వచ్చేవాళ్లే వచ్చారు. ఎవరూ అదోలా చూడలేదు. అదోలా చూడకుండా ఉండడానికి అందరూ ముందే కూడబలుక్కున్నారని ఆయనకు తోచింది. సంపూర్ణమ్మగారు ఆ వారమంతా అడక్కుండానే రెండోసారి మజ్జిగ పోశారు. అదీ లెక్కలోకి తీసుకున్నారు.

శుక్రవారం శౌరమ్మ దగ్గరికి వెళ్లారు. ముక్కాలిపీట మీద కూర్చుని, వేదగ్రంథం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకోబోయారు. శౌరమ్మ దుప్పట్లోంచి చెయ్యి చాచి ఆయన మోకాలి మీద తట్టింది.

"ఇయ్యాల నే చేస్తాలెండి అయ్యగారూ. తమరు ఆమేన్ అనండి చాలు."

ఆమోసుగారు నిటారుగా కూర్చున్నారు. "నీకెవరు చెప్పారు శౌరమ్మా? అమలమ్మా?"

"ఏం చెప్పాలండీ?"

"మిల్లు దగ్గర సంగతి."

"ఏ మిల్లండీ? మంచం మీద దాన్ని, నాకు మిల్లులెక్కడివి." శౌరమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఒకళ్లు చెప్పాలేటండీ. తమరు దివి నించి వచ్చిన కాణ్ణించి నాకు నిద్ర పట్టటంలా. నే చెప్తానే ఉన్నాగా. తమరు దోమలంటిరి."

ఆవిడ కళ్లు మూసుకుంది. ప్రార్థన ఎక్కువసేపు సాగలేదు. "ప్రభువా, అయ్యగారు అలిసిపోయారు. తొమ్మిది రోజులు నీ పని చేసొచ్చారు. ఆ పని ఎందుకు పెట్టావో నేనడగను, ఆయన అడుగుతాడు, తీరిగ్గా చెప్పుకో. అందాకా ఆయన్ని తిననియ్యి, పడుకోనియ్యి."

ఆగింది. శౌరమ్మ ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుని కాచుకుంది.

"ఆమేన్," అన్నారు ఆమోసుగారు.

కాలువ గట్టు మీద సైకిలు తోలుకుంటూ ఇంటికొస్తుంటే ఆయనకు అనుమానం వచ్చింది. అన్నది తానేనా, వట్టి నోరేనా? సైకిలాపి, దిగి, అటూ ఇటూ చూశారు. వలలవాళ్లు దూరంగా ఉన్నారు. మెల్లగా మళ్లీ ఒకసారి అని చూశారు. చాలలేదు. ఇంకొకసారి కూడా అన్నారు, ఈసారి కాస్త గట్టిగా.

గుడి తాళంలాగే అదీ ఊడి రాలేదు.